ఐడీ కార్డు స్కానర్ బిగించుకోవడం ఎలా, మొరాయిస్తే ఎక్కడ చూడాలి

"అన్నా, నిన్నటిదాకా మంచిగనే పనిచేసింది, ఇవాళ స్కానర్ నాట్ ఫౌండ్ అంటుంది." మిర్యాలగూడ జిరాక్స్ సెంటర్ నుంచి అడిగినా, యాదగిరిగుట్ట లాడ్జీ కౌంటర్ నుంచి అడిగినా, జడ్చర్ల దగ్గర కంపెనీ గేటు నుంచి అడిగినా ప్రశ్న దాదాపు ఇదే. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పే బదులు అంతా ఒకచోట రాసి పెడుతున్నా, పని మొదలుపెట్టే ముందు ఒకసారి చివరిదాకా చదవండి.

చాలామంది ముందు చేసే పని స్కానర్ ఖరాబైందనుకొని కొత్తది కొనడం, లేకపోతే కంప్యూటర్‌ను ఫార్మాట్ కొట్టించడం. రెండూ తొందరపాటే. కార్డు గాజు మీద పెట్టినప్పటి నుంచి దాని బొమ్మ మీ సాఫ్ట్‌వేర్‌లో కనిపించేదాకా మూడు మజిలీలున్నాయి. స్కానర్ విండోస్‌కు కనిపించాలి, మామూలు స్కానింగ్ ప్రోగ్రాంలో బొమ్మ రావాలి, ఆ తర్వాత మీ లాడ్జీ సాఫ్ట్‌వేరో, గోల్డ్ లోన్ సాఫ్ట్‌వేరో ఆ బొమ్మను అందుకోవాలి. ఏ మజిలీలో ఆగిపోయిందో తేల్చుకోకుండా ఏ సెట్టింగ్‌నూ ముట్టుకోవద్దు.

ముందు మీ దగ్గర ఉన్నది ఏ రకం?

మూత ఎత్తి గాజు మీద కార్డు పెట్టేది ఫ్లాట్‌బెడ్. ప్రింటర్‌తో కలిసి వచ్చే ఆల్ ఇన్ వన్ కూడా దీని కిందికే వస్తుంది. కార్డును ఒక పక్క నుంచి లోపలికి లాక్కొని రెండు వైపులా ఒకేసారి తీసే చిన్న పెట్టె ఇంకో రకం, దీన్నే షీట్‌ఫెడ్ అంటారు. పిస్తోలులా పట్టుకొని క్యూఆర్ కోడ్ మీద కొట్టే గన్ మూడోది, దాని సంగతులు వేరు కాబట్టి కింద విడిగా చెప్తాను. వేలిముద్ర మిషన్ వీటిలో దేనికీ సంబంధం లేనిది, దాని సర్వీసు, దాని రిజిస్ట్రేషన్ వేరే కథ.

రోజుకు పది ఇరవై కార్డులు వచ్చే దుకాణానికి ఫ్లాట్‌బెడ్ చాలు అని నా అభిప్రాయం. మన దగ్గరికి వచ్చే ఆధార్ కార్డుల్లో సగం లామినేషన్ చేయించినవే, అంచులు ఎగుడుదిగుడుగా కోసి ఉంటాయి, దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చే పెద్దవాళ్ల కార్డులైతే జేబులో చెమటకు తడిసి వంగిపోయి ఉంటాయి. ఇవి లోపలికి లాక్కునే మిషన్లో ఇరుక్కుంటాయి. కంపెనీ గేటు దగ్గర, అందరి దగ్గరా ఏటీఎం కార్డు లాంటి గట్టి కార్డులే ఉండి క్యూ పెద్దగా ఉంటే మాత్రం షీట్‌ఫెడ్ కొనుక్కోండి, టైం బాగా కలిసొస్తుంది.

కావలసినవి

స్కానర్, దానితో వచ్చిన అసలు యూఎస్‌బీ కేబుల్, కంప్యూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్, నెట్, మెత్తటి నూలు గుడ్డ. పరీక్షకు మీ సొంత కార్డు ఒకటి దగ్గర పెట్టుకోండి, గిరాకీ కార్డుతో ప్రయోగాలు వద్దు. అడ్మిన్ పాస్‌వర్డ్ ఓనర్ దగ్గరే ఉంటే ఆయన్ని ముందే కూర్చోబెట్టుకోండి, సగంలో ఆగిన ఇన్‌స్టలేషన్ అసలు చేయనిదాని కన్నా ఎక్కువ పరేషాన్ చేస్తుంది.

బిగించే పద్ధతి

1. కేబుల్ ఇప్పుడే పెట్టకండి. స్కానర్ అడుగున స్టిక్కర్ మీద మోడల్ నంబర్ ఉంటుంది, ముందు దాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. కేబుల్ ముందే పెట్టేస్తే విండోస్ తనకు తోచిన డ్రైవర్ (స్కానర్‌ను కంప్యూటర్‌తో కలిపి నడిపించే చిన్న సాఫ్ట్‌వేర్) ఏదో వేసేసుకుంటుంది. కొన్ని మోడళ్లకు అదే సరిపోతుంది, కొన్నింటికి సగం సగం పనిచేసి తలనొప్పి తెస్తుంది.

2. మీ విండోస్ 32 బిట్టా 64 బిట్టా చూసుకోండి. సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లో రాసి ఉంటుంది. విండోస్ 11 అయితే 64 బిట్టే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆపేసింది, కొత్త స్కానర్ కొంటూ పాత కంప్యూటర్‌నే వాడాలనుకుంటే కొనేముందే దానికి డ్రైవర్ ఉందో లేదో చూసుకోండి.

3. డ్రైవర్‌ను తయారీ కంపెనీ సొంత సైట్ నుంచే దించుకోండి. గూగుల్‌లో మోడల్ నంబర్ కొట్టగానే పైన కనిపించే "ఫ్రీ డ్రైవర్ డౌన్‌లోడ్" సైట్లు, "స్కానర్ హెల్ప్‌లైన్" ఫోన్ నంబర్లు నమ్మకండి. ఆ నంబర్‌కు చేస్తే ముందు ఎనీడెస్క్ (దూరం నుంచే మీ కంప్యూటర్‌ను వాళ్లు నడిపే ప్రోగ్రాం) వేసుకోమంటారు, తర్వాత ఏమవుతుందో మీకు తెలుసు. దుకాణం కంప్యూటర్లో బ్యాంకు లాగిన్లు కూడా ఉంటాయి కదా.

4. దించిన ఫైల్ మీద రైట్ క్లిక్ కొట్టి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" ఇచ్చి ఇన్‌స్టాల్ చేయండి. మధ్యలో ఎప్పుడైనా కేబుల్ పెట్టమని అడుగుతుంది, అప్పుడే పెట్టండి. అడగకపోతే ఇన్‌స్టలేషన్ అయ్యాక ఒకసారి రీస్టార్ట్ చేసి పెట్టండి.

5. కేబుల్‌ను సీపీయూ వెనక పోర్టుకే పెట్టండి. ముందు పోర్టులు, కీబోర్డు మీద ఉండే పోర్టులు, ఇరవై రూపాయల హబ్బులు వద్దు. కానన్ లైడ్ 300 లాంటి పల్చటి స్కానర్లకు వేరే కరెంటు ప్లగ్గు ఉండదు, యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటాయి, హబ్బు ద్వారా ఇస్తే చాలక మధ్యలో ఆగిపోతాయి. విడిగా ప్లగ్గున్న స్కానర్ అయితే కంప్యూటర్‌తో పాటు దాన్నీ యూపీఎస్‌కే పెట్టండి, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా స్కానర్ ఒక్కటే ఆఫ్ అయి ఆన్ అయితే సాఫ్ట్‌వేర్ దాన్ని మళ్లీ గుర్తుపట్టకపోవచ్చు. పాత ఫ్లాట్‌బెడ్ అయితే అడుగున తాళం బొమ్మ ఉన్న మీట ఉందేమో చూడండి. రవాణాలో కదలకుండా లోపలి భాగాన్ని బిగించే లాక్ అది, తీయకుండా నడిపితే గరగరా శబ్దం చేస్తుంది.

6. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్, డివైస్ మేనేజర్. "ఇమేజింగ్ డివైసెస్" కింద మీ మోడల్ పేరు కనిపించాలి, పక్కన పసుపు గుర్తు ఉండకూడదు. ఇది మొదటి మజిలీ.

7. ఇప్పుడు మీ బిజినెస్ సాఫ్ట్‌వేర్ తెరవకండి. విండోస్‌లోనే ఉన్న "విండోస్ ఫ్యాక్స్ అండ్ స్కాన్" గానీ, కంపెనీ ఇచ్చిన స్కానింగ్ ప్రోగ్రాం గానీ, నాప్స్2 అనే ఉచిత ప్రోగ్రాం గానీ తెరిచి మీ కార్డు ఒకటి స్కాన్ చేయండి. నాకు నాప్స్2 నచ్చుతుంది. బరువుండదు, ప్రకటనలుండవు, రెండు వైపులా తీసి ఒక్క పీడీఎఫ్ చేయడం అందులో సులువు. బొమ్మ వచ్చిందంటే రెండో మజిలీ దాటినట్టే.

8. ఆఖరున మీ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో స్కానర్ పేరు ఎంచుకోండి. జాబితాలో ఒకే మోడల్ రెండుసార్లు కనిపిస్తే, ఒకటి ట్వెయిన్ (TWAIN), ఇంకోటి వియా (WIA) అని ఉంటే కంగారు పడకండి. స్కానర్‌తో మాట్లాడే రెండు దారులవి. ముందు ట్వెయిన్‌తో చూడండి, కుదరకపోతే వియా.

సెట్టింగులు

ఆధార్ పీవీసీ కార్డు, పాన్ కార్డు, ఏటీఎం కార్డు అన్నీ ఒకే కొలత, 85.6 మిల్లీమీటర్ల పొడవు, 54 వెడల్పు. దీన్ని 300 డీపీఐలో (అంటే అంగుళానికి 300 చుక్కలు), రంగుల్లో, జేపీజీగా తీయండి. సుమారు 1010 చుక్కల పొడవు, 640 ఎత్తు బొమ్మ వస్తుంది, ఆఫీసు పనికి అది సరిపోతుంది. అక్షరాలను సాఫ్ట్‌వేరే చదివి గడుల్లో నింపాలంటే, చిన్న అక్షరాల దగ్గర తప్పులు వస్తుంటే, 600కు పెంచి చూడండి. 1200 పెట్టి ప్రయోజనం లేదు, ఒక్కో కార్డుకు నిమిషం తినేస్తుంది.

"ఫైల్ పెద్దగా ఉంది, సైట్ తీసుకోవట్లేదు" అని వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం డీపీఐ వల్ల కాదు. కార్డు ఒక మూలన పెట్టి ఏ4 పేజీ మొత్తం స్కాన్ చేస్తారు, 300 డీపీఐలో ఏ4 అంటే 2480 చుక్కలు ఇటు, 3508 అటు, అంటే కార్డుకు 13 రెట్లకు పైగా, అందులో ఎక్కువంతా తెల్ల ఖాళీయే. ప్రివ్యూ కొట్టి, కార్డు చుట్టూ గీత లాగి, ఆ ముక్కనే స్కాన్ చేయండి. అప్పటికీ ఎక్కువైతే 200 డీపీఐకి దించండి. పీఎన్‌జీ, బీఎంపీ వద్దు.

కార్డును గాజు అంచుకు ఆనించి పెట్టకండి. చాలా స్కానర్లు అంచున కొన్ని మిల్లీమీటర్లు తీయవు, ఆధార్ కింద నంబర్ సగం కోసుకుపోయేది అందుకే. వేలెడు జాగా వదిలి పెట్టండి.

కార్డును ప్లాస్టిక్ కవర్లోంచి బయటికి తీయడం మర్చిపోవద్దు, ఇది అందరూ చేసే తప్పు. పల్చటి స్కానర్లలో ఉండే సెన్సార్ గాజుకు ఆనుకున్న వస్తువునే స్పష్టంగా చూడగలదు, కొంచెం పైకి లేచినా మసకే. వంగిన కార్డు మీద మూత వేశాక చిన్న పుస్తకం బరువు పెట్టండి, చేత్తో జబర్దస్తీగా నొక్కితే గాజు పగులుతుంది. పీవీసీ ఆధార్ మీది హోలోగ్రాం నల్లమచ్చలా వస్తే కార్డును అడ్డంగా తిప్పి పెట్టి మళ్లీ తీయండి. లైటు ఒక పక్క నుంచే పడుతుంది కాబట్టి తిప్పితే మెరుపు తగ్గుతుంది.

మొరాయించినప్పుడు

మొదటి మజిలీలోనే ఆగితే, అంటే డివైస్ మేనేజర్‌లో పేరే లేకపోతే, పోర్టు మార్చండి, కేబుల్ మార్చండి, ఇంకో కంప్యూటర్‌కు పెట్టి చూడండి. పక్క దుకాణం కంప్యూటర్‌కు పెట్టినా కనిపించకపోతే అప్పుడు స్కానర్‌ను అనుమానించండి, అంతకుముందు కాదు. పసుపు గుర్తు ఉంటే డ్రైవర్ తేడా. రైట్ క్లిక్ కొట్టి "అన్ఇన్‌స్టాల్ డివైస్" ఇచ్చి, డ్రైవర్ కూడా తీసేయాలా అని అడిగితే టిక్ పెట్టి, కేబుల్ పీకి, రీస్టార్ట్ చేసి మూడో మెట్టు నుంచి మళ్లీ రండి. విండోస్ 11లో చాలా పాత డ్రైవర్లను "మెమరీ ఇంటిగ్రిటీ" అనే రక్షణ అడ్డుకుంటుంది. దాన్ని ఆఫ్ చేయమని యూట్యూబ్‌లో చెప్తారు, వద్దు. కంపెనీ సైట్‌లో కొత్త డ్రైవర్ వెతకండి, లేకపోతే వ్యూస్కాన్ అనే ప్రోగ్రాం ఉంది, కంపెనీలు వదిలేసిన పాత స్కానర్లను చాలావాటిని అది నడిపిస్తుంది. పైసలు పెట్టి కొనాలి, కానీ ముందు ఉచితంగా పరీక్షించుకోవచ్చు.

పొద్దున పనిచేసి మధ్యాహ్నానికి మాయమవుతుందా? కరెంటు ఆదా కోసం విండోస్ యూఎస్‌బీని నిద్రపుచ్చుతుంది. డివైస్ మేనేజర్‌లో "యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్" కింద ప్రతి "యూఎస్‌బీ రూట్ హబ్" తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో ఉన్న టిక్ తీసేయండి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి "యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్" కూడా డిసేబుల్ చేయండి. గిరాకీ లేని రెండు మూడు గంటల తర్వాతే తకరారు మొదలవుతుంటే, కారణం దాదాపు ఇదే.

పేరు కనిపిస్తుంది కానీ స్కాన్ కొడితే ఎర్రర్ వస్తుంది అంటే రెండో మజిలీ. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి సర్వీసెస్ డాట్ ఎంఎస్‌సీ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. జాబితాలో "విండోస్ ఇమేజ్ అక్విజిషన్" ఉంటుంది. రైట్ క్లిక్, రీస్టార్ట్. ప్రాపర్టీస్‌లో స్టార్టప్ టైప్ ఆటోమేటిక్ పెట్టండి. "డివైస్ బిజీ" అంటే ఇంకో ప్రోగ్రాం స్కానర్‌ను పట్టుకొని కూర్చుందని అర్థం, కంపెనీ స్కానింగ్ ప్రోగ్రాం స్క్రీన్ కింద మూలన గడియారం పక్కన దాక్కొని నడుస్తూ ఉండవచ్చు, దాన్ని మూసేయండి.

మూడో మజిలీ దగ్గరే అసలు టెన్షన్. నాప్స్2లో బొమ్మ వస్తుంది, మీ సాఫ్ట్‌వేర్‌లో స్కానర్ పేరే కనిపించదు. ఇలా జరిగినప్పుడు స్కానర్‌ను తిట్టి లాభం లేదు. ట్వెయిన్ డ్రైవర్ 32 బిట్‌కు వేరు, 64 బిట్‌కు వేరు. 64 బిట్ సాఫ్ట్‌వేర్‌కు 32 బిట్ ట్వెయిన్ డ్రైవర్ కనిపించదు, అటుది ఇటు కూడా అంతే. మీ సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లను "మీది 32 బిట్టా, 64 బిట్టా" అని ఒక్క ముక్క అడగండి, దానికి తగ్గ డ్రైవర్ దొరకకపోతే వియా దారిలో ప్రయత్నించండి.

బ్రౌజర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ అయితే ఇంకో చిక్కు. క్రోమ్ నేరుగా స్కానర్‌ను ముట్టుకోలేదు, మధ్యలో కంప్యూటర్లో ఒక చిన్న సహాయక ప్రోగ్రాం నడుస్తూ ఉండాలి. గడియారం పక్కన దాని గుర్తు ఉందో లేదో చూడండి. లేకపోతే మళ్లీ నడపండి, యాంటీవైరస్ దాన్ని తీసేసిందేమో క్వారంటైన్ జాబితాలో చూడండి. ఓనర్ లాగిన్‌లో పనిచేసి కౌంటర్ అబ్బాయి లాగిన్‌లో పనిచేయకపోతే, ఆ ప్రోగ్రాం ఒక్క లాగిన్‌కే పడిందన్నమాట. కౌంటర్ అబ్బాయికి అడ్మిన్ హక్కులు ఇచ్చేయకండి, అందరు యూజర్లకూ వచ్చేలా తిరిగి ఇన్‌స్టాల్ చేయించండి.

బొమ్మ మీద నిలువు గీత ఒకటి పైనుంచి కిందిదాకా వస్తుంటే, అది దుమ్ము. షీట్‌ఫెడ్‌లో సన్నటి గాజు పట్టీ మీద చిన్న నలుసు పడినా ప్రతి కార్డు మీదా గీతే. మిర్యాలగూడ రైస్ మిల్లు ఆఫీసుల్లో తవుడు దుమ్ముకు ఇది మామూలే. గుడ్డ మీద కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి తుడవండి, గాజు మీద నేరుగా పోయకండి, థిన్నర్ అస్సలు వద్దు. షట్టర్ దించేముందు స్కానర్ మీద గుడ్డ కప్పితే ఈ బాధ సగం తగ్గుతుంది. కార్డు లోపల ఇరుక్కుంటే కరెంటు తీసి మూత తెరిచి బయటికి తీయండి, వెనక్కి గుంజితే రోలర్ చెడుతుంది. లామినేషన్ కార్డులను ఇకమీదట దాంట్లో పెట్టకండి.

క్యూఆర్ గన్ సంగతి

ఎర్ర గీత ఒక్కటే వేసే లేజర్ గన్ కిరాణా బార్‌కోడ్‌కే, క్యూఆర్ చదవలేదు. 2డీ అని రాసి ఉన్నది కావాలి. దీనికి సాధారణంగా డ్రైవర్ అక్కర్లేదు, కంప్యూటర్ దాన్ని కీబోర్డు అనుకుంటుంది, అంటే అది చదివింది టైప్ చేసినట్టు పడుతుంది. అందుకే నోట్‌ప్యాడ్ తెరిచి పరీక్షించండి, ఎక్సెల్‌లో వద్దు, ఎక్సెల్ 15 అంకెలు దాటిన సంఖ్యను పాడుచేస్తుంది.

గన్ కొడితే పిచ్చి పిచ్చి తెలుగు అక్షరాలు వస్తున్నాయా? కీబోర్డు తెలుగులో ఉంది, అంతే. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లిష్‌కు మార్చండి, క్యాప్స్ లాక్ కూడా తీయండి. చదవగానే ఫారం సగంలోనే సబ్మిట్ అయిపోతుంటే గన్ చివర్లో ఎంటర్ కొడుతోంది, దానితో వచ్చిన పుస్తకంలో ఎంటర్ తీసేసే బార్‌కోడ్ ఒకటి ఉంటుంది, దాన్ని ఒకసారి చదివించండి.

ఆధార్‌లో ఇంకో తేడా. 2018 నుంచి వస్తున్న సెక్యూర్ క్యూఆర్‌ను నోట్‌ప్యాడ్‌లో కొడితే పొడుగాటి అంకెల వరస వస్తుంది. అది ఎర్రర్ కాదు, ఉడాయ్ (ఆధార్ ఇచ్చే సంస్థ) డిజిటల్ సంతకంతో ఉన్న సమాచారం, దాన్ని విప్పే సాఫ్ట్‌వేర్ ఉండాలి. విప్పినా పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఫొటో వస్తాయి గానీ ఆధార్ నంబర్‌లో చివరి నాలుగు అంకెలే వస్తాయి. "నంబర్ గడి నిండట్లేదు, గన్ ఖరాబు" అని వాపస్ ఇవ్వకండి, దాన్ని అలాగే తయారు చేశారు.

వచ్చింది సరిగ్గా ఉందా?

బొమ్మను నూరు శాతం సైజులో చూసి పుట్టిన తేదీ చదవండి, సున్నాకూ ఎనిమిదికీ తేడా తెలియాలి. సాఫ్ట్‌వేర్ చదివి నింపిన నంబర్లను ఇలా పట్టుకోవచ్చు: పాన్‌లో ముందు ఐదు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం, మామూలు మనిషిదైతే నాలుగో అక్షరం పి, ఐదోది ఇంటిపేరు మొదటి అక్షరం. ఆధార్ 12 అంకెలు, 0తో గానీ 1తో గానీ మొదలుకాదు. కొత్త ఓటరు కార్డుకు మూడు అక్షరాలు, ఏడు అంకెలు. ఇంగ్లిష్ ఓ, సున్నా ఒకదానికొకటి మారిపోవడం, ఐ, ఒకటి మారిపోవడం ఎక్కువ. పేరును తెలుగు వరస నుంచి కాకుండా ఇంగ్లిష్ వరస నుంచి చదివించండి, తక్కువ తప్పులు వస్తాయి.

కార్డుల బొమ్మలు డెస్క్‌టాప్ మీద "స్కాన్ 1, స్కాన్ 2" అని నెలల తరబడి పడి ఉండనివ్వకండి. పని అయ్యాక తీసేయండి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి, దుకాణం వాట్సాప్ గ్రూపులో పంపకండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దుకాణాలకూ వర్తిస్తుంది. గిరాకీ మొదటి ఎనిమిది అంకెలు మూసిన మాస్క్‌డ్ ఆధార్ ఇస్తే, మీ పనికి పూర్తి నంబర్ అక్కర్లేకపోతే, అదే తీసుకోండి.

ఇవన్నీ చేసినా కుదరక ఎవరినైనా అడగాల్సి వస్తే "స్కానర్ పనిచేయట్లేదు" అని ఊరుకోకుండా నాలుగు ముక్కలు చెప్పండి: స్కానర్ మోడల్, విండోస్ ఏది, ఏ మజిలీలో ఆగింది, ఎర్రర్ మాటలు ఉన్నవి ఉన్నట్టు. స్క్రీన్ ఫొటో పంపేటప్పుడు వెనకాల ఎవరి కార్డో తెరిచి ఉందేమో చూసి మూసేయండి.